నట్టింటికి చేరిన నవ్వు

మా ఇంట్లోకి జంధ్యాల సినిమా మొదట చెవుల గుండా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవారు. రెండున్నర గంటల సినిమాను బాగా కుదించి, బొమ్మ లేకుండా మాటలూ పాటలూ వినిపించే కార్యక్రమం అది. ఫైటింగుల సినిమా అయితే మాకు సగం అర్థమయ్యేది కాదు. దబదబమని చప్పుళ్లు వినిపించేవి గాని ఎవరు కొట్టారో, ఎవరు కిందపడ్డారో తెలిసేది కాదు. జంధ్యాల సినిమా వేసిన రోజు ఆ చిక్కు ఉండేది కాదు. చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆపి నవ్వేది. పడక్కుర్చీలో నడుం వాల్చిన తాతయ్య కళ్లు తెరవకుండానే నవ్వేవారు. గొంతు వినగానే మనిషి కళ్లముందు కూర్చునేవాడు. అతని పొట్ట, అతని కండువా, ఎదుటివాడి మొహంలో విసుగు, అన్నీ ఆ గొంతులోనే ఉండేవి.

ఆ సినిమాలను తర్వాత తెర మీద చూశాను, ఒక్కోదాన్ని చాలాసార్లు. చూసిన ప్రతిసారీ ఆ రేడియో మధ్యాహ్నమే గుర్తొస్తుంది. జంధ్యాల చెవితో సినిమా తీసిన మనిషి. ఆయన దర్శకత్వం వహించిన 40కి దగ్గరగా ఉన్న సినిమాలను వరసగా పెట్టి చూస్తే, తెలుగు సినిమాలో హాస్యం తన చోటు ఎలా మార్చుకుందో కనిపిస్తుంది. కథ పక్కన విడిగా నడిచే ట్రాకులోంచి నవ్వును తీసుకొచ్చి మన నట్టింట్లో కూర్చోబెట్టింది ఆయనేనని నా నమ్మకం.

ట్రాకు అన్నది సినిమావాళ్ల మాట. హీరో కష్టాలు ఒక దారిన నడుస్తుంటే వంటవాడో, పాలేరో, హీరో స్నేహితుడో మరో దారిన నవ్విస్తుంటాడు. రెండు దారులూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి గాని, హాస్యం ముక్కను కత్తిరించి పక్కన పడేసినా కథకు గాటు పడదు. రేలంగి, రమణారెడ్డి, పద్మనాభం, అల్లు రామలింగయ్య, రాజబాబు వంటి గొప్ప నటులు ఆ ఇరుకు చోటులో నిలబడే తరాలను నవ్వించారు. జనం వాళ్ల కోసమే టిక్కెట్టు కొన్న సినిమాలున్నాయి. అయినా పెళ్లిపందిట్లో వాళ్ల విస్తరి చివరి బంతిలోనే వేశారు.

మొత్తంగా నవ్వించే సినిమాలు అంతకుముందు లేవని కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' 1940లోనే తెరకెక్కింది. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో విజయావారు తీసిన 'పెళ్లిచేసి చూడు' (1952), 'మిస్సమ్మ' (1955), 'అప్పుచేసి పప్పుకూడు' (1959) ఇంటిల్లిపాదినీ నవ్వించిన సినిమాలు. అక్కడ హీరో నవ్విస్తాడు, హీరోయిన్ నవ్విస్తుంది, జమీందారు కూడా నవ్విస్తాడు. చక్రపాణి మాటల్లో పొదుపు, 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు పుట్టించిన కొత్త పదాలు తెలుగువాళ్ల నాలుక మీద ఇప్పటికీ ఆడుతున్నాయి. ఆ తర్వాత ముళ్లపూడి వెంకటరమణ వచ్చి, 'ముత్యాలముగ్గు' (1975)లో రావు గోపాలరావు చేత విలనీని కూడా చమత్కారంగా పలికించారు. జంధ్యాల ఈ వంశంవాడు. ఆ రుణాన్ని ఆయన దాచుకోలేదు. 'అహ నా పెళ్ళంట', 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ', 'హై హై నాయకా' అని వరసగా 'మాయాబజార్' నుంచే తన సినిమాలకు పేర్లు ఏరుకున్నారు.

జంధ్యాల సుబ్రహ్మణ్యశాస్త్రి 1951 జనవరి 14న, పండగ రోజుల్లో, పశ్చిమగోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. చదువూ నాటకమూ విజయవాడలో. 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును' వంటి నాటకాలు రాశారు. ఆ కాలపు విజయవాడను కాస్త ఊహించుకోవాలి. ఒకపక్క పరిషత్తు నాటకాల పోటీలు, మరోపక్క 1948 నుంచి పనిచేస్తున్న ఆకాశవాణి కేంద్రం. నాటకంలో మాట ఆఖరి వరసలో నేలమీద కూర్చున్నవాడికి వినపడాలి. రేడియోలో మాట మనిషి రూపం కూడా కట్టాలి. ఈ రెండు బళ్లలోనూ తప్పు రాస్తే అప్పటికప్పుడు తెలిసిపోతుంది. నవ్వు రావలసిన చోట రాకపోతే రచయిత దాక్కోవడానికి తెర చాటు తప్ప మరో చోటుండదు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో జంధ్యాల అక్కడే నేర్చుకున్నారు. ఆయన తర్వాత ఏరికోరి తెచ్చుకున్న నటుల్లో చాలామంది నాటకాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో మామిడిపల్లి వీరభద్రరావు విజయవాడ రేడియో కేంద్రం గొంతు.

మద్రాసులో ఆయన అడుగు రచయితగా పడింది. 1976లో 'దేవుడు చేసిన బొమ్మలు', అదే ఏడాది కె. విశ్వనాథ్ 'సిరిసిరిమువ్వ'. మూగ అమ్మాయి కథకు మాటలు రాయడంతో మొదలైన ప్రయాణం మరుసటి ఏడాదికి కె. రాఘవేంద్రరావు, ఎన్టీఆర్‌ల 'అడవిరాముడు' దాకా వెళ్లింది. 'వేటగాడు' (1979)లో రావు గోపాలరావు నోట అక్షరాల మీద అక్షరాలు పేర్చి పలికించిన ప్రాస మాటలు హాళ్లలో ఈలలు వేయించాయి. ఆ ఊపు తగ్గకముందే 'శంకరాభరణం' (1980) వచ్చింది. అందులో శంకరశాస్త్రి ఎక్కువ మాట్లాడడు. మాట్లాడిన ప్రతి మాటా తూకం వేసినట్టుంటుంది. కొంచెం అటూఇటూగా ఒకే కాలంలో ఒకే కలం ఈ రెండూ రాసింది. మాట ఎప్పుడు కట్టలు తెంచుకోవాలో, ఎప్పుడు గొంతులోనే ఆగిపోవాలో తెలిసినవాడు మాత్రమే ఆ పని చేయగలడు. జంధ్యాలను హాస్యబ్రహ్మ అని పిలిచి సరిపెట్టుకునేవాళ్లు ఈ రెండో సంగతి మరిచిపోతుంటారు. నవ్వించే మాట రాయడానికి ఆయనకు బలమిచ్చింది మౌనం విలువ తెలియడమే.

దర్శకుడిగా మొదటి సినిమా 'ముద్దమందారం' 1981లో వచ్చింది. ప్రదీప్, పూర్ణిమ నాయికానాయకులు, రమేష్ నాయుడు సంగీతం, వేటూరి పాటలు. అది హాస్య చిత్రమేమీ కాదు, లేత ప్రేమకథ. తొలి సినిమాల్లో జంధ్యాలకు ప్రేమకథే వెన్నెముక. హాస్యం ఇంకా పక్కవాటాలోనే కాపురముంది. మలుపు 'నాలుగు స్తంభాలాట' (1982)తో వచ్చింది. వింత ఏమిటంటే అదీ కన్నీళ్ల ప్రేమకథే. నరేష్, ప్రదీప్, పూర్ణిమ, తులసి, నలుగురు యువతీయువకుల జీవితాలు చిక్కుపడే కథ. కానీ జనం హాలు బయటికి వచ్చి చెప్పుకున్నది ఒక లావుపాటి గొంతు గురించి, ఒక పీలగొంతు గురించి.

వీరభద్రరావుది లావుపాటి గొంతు. అడిగిన ఒక్క ముక్కకు జవాబు చెప్పకుండా ఊరూవాడా తిప్పి, వంశాలు తవ్వి, మధ్యలో కొత్త కథ ఎత్తుకునే మనిషి. ఎదురుగా వేలు. ఆయన అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. సన్నటి మనిషి, ఏడుపుకీ నవ్వుకీ మధ్య వేలాడే గొంతు. తప్పించుకోవాలని చూస్తాడు, తప్పించుకోలేడు. ఈ వాయింపుకు సినిమాలో పెట్టిన పేరు సుత్తి. ఆ పేరు ఇద్దరు నటులకూ ఇంటిపేరైంది. ఆ తర్వాత జీవితమంతా వాళ్లు సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు.

ఈ జంట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే జంధ్యాల హాస్యం పనిచేసే తీరు ఇక్కడ తేటగా కనిపిస్తుంది. ఇందులో ఎవరూ అరటితొక్క మీద జారిపడరు, ఎవరూ చెంపదెబ్బ తినరు. నవ్వంతా ఒక మనిషి ఆగకుండా మాట్లాడటంలో, ఇంకొక మనిషి మర్యాద వదులుకోలేక వినడంలో ఉంది. తెలుగు ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. పెద్దాయన మొదలుపెడితే లేచిపోవడం తప్పు. అరుగు మీద కూర్చోబెట్టి ఆయన తన పెళ్లినాటి సంగతులు చెబుతుంటే, బస్సు వెళ్లిపోతున్నా తల ఊపుతూ కూర్చునే అల్లుడి అవస్థ మనందరికీ తెలుసు. మనకు తెలిసిన ఆ అవస్థకు జంధ్యాల పేరు పెట్టారు. ఇంకో సంగతి. వీరభద్రరావు పాత్రలు ఎంతగా తిట్టినా ఆ తిట్టులో బూతు ఉండదు. సమాసాలు, వింత పోలికలు ఒకదాని వెనుక ఒకటి దొర్లుకొస్తాయి. పక్కన పిల్లలున్నారని ఎవరూ రేడియో కట్టేయనక్కరలేదు.

1983, 84 సంవత్సరాలు జంధ్యాలకు ఊపిరి సలపనివి. 'నెలవంక', 'రెండు జెళ్ళ సీత', 'మూడు ముళ్ళు', అక్కినేనితో 'అమరజీవి' ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. విశ్వనాథ్ 'సాగరసంగమం' (1983)కు మాటలూ ఆయనవే. గిరీష్ కర్నాడ్ కూచిపూడి గురువుగా వేసిన 'ఆనందభైరవి' కూడా ఆ కాలానిదే. కులం గోడ దాటి ఒక పేద పిల్లకు నాట్యం నేర్పే గురువు కథ అది. దాన్ని జంధ్యాల మంచి సినిమాల జాబితాలో ముందు పెట్టేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. కానీ ఆ దారిలో ఆయన కొనసాగలేదు. విశ్వనాథ్ నీడ అక్కడ మరీ దట్టంగా ఉండటం ఒక కారణం కావచ్చు.

తనదైన దారి 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)తో తెరుచుకుంది. పొత్తూరి విజయలక్ష్మి 'ప్రేమలేఖ' నవలకు తెరరూపమది. రామోజీరావు ఉషాకిరణ్ మూవీస్ మొదటి సినిమా. ఒక అమ్మాయి సరదాకు రాసిన ప్రేమలేఖ ఒక అబ్బాయి చేతికి చేరుతుంది, ఆ రాసిన చేతిని వెతుక్కుంటూ అతను బయలుదేరతాడు. కథ ఇంతే. కానీ ఈ కథ నడిచే ఇంటిని చూడండి. ఇంటిపెద్ద పరంధామయ్యగా వీరభద్రరావు ప్రతి గదిలోనూ వినబడతాడు. ఆ ఇంటి మనుషుల్లో ఒక్కరూ మామూలుగా ఉండరు. పేకాట పిచ్చి ఒకరిది, సినిమా పిచ్చి ఇంకొకరిది.

ఆ సినిమా పిచ్చిది శ్రీలక్ష్మి. సినిమా చూసొచ్చి కథ చెప్పడం మన ఇళ్లలో మామూలే. శ్రీలక్ష్మి పాత్ర మాత్రం టైటిల్ కార్డుల దగ్గర నుంచి మొదలుపెడుతుంది. సమర్పణ, బ్యానరు, తారాగణం, తెర వెనుక పనిచేసినవాళ్లు, అన్నీ వరస తప్పకుండా అయ్యాకే కథలోకి వస్తుంది. చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. ఎదుటివాళ్లను విసిగిస్తున్నానన్న ఊహే ఆమెకు లేదు. తను చూసిన అందమైనదాన్ని పంచిపెడుతున్నానన్న తృప్తితో వెలిగిపోతుంటుంది. ఆ అమాయకత్వమే ఆ సన్నివేశాన్ని నిలబెట్టింది. జంధ్యాల హాస్య పాత్రలు తాము హాస్య పాత్రలమని ఎరగవు. వాళ్ల పిచ్చి వాళ్లకు ప్రాణం.

ఆయన పద్ధతి ఇక్కడ తేలింది. ఇల్లు ఒకటి తీసుకోవాలి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఇవ్వాలి. ఆ పిచ్చికి తగ్గ గొంతు వెతకాలి. తర్వాత వాళ్లను ఒకే పెళ్లి, ఒకే ఉత్తరం, ఒకే అబద్ధం చుట్టూ తిప్పాలి. ఇప్పుడు హాస్యం ముక్కను కత్తిరించి తీసేస్తే కథే మిగలదు. ట్రాకు పోయి ఇల్లు మిగిలింది.

ఈ పద్ధతికి పత్రికల నవలలు బాగా కలిసివచ్చాయి. 70లు, 80లు వారపత్రికల నవలలకు పండగ కాలం. మధ్యతరగతి ఇంటి కబుర్లు, అద్దెవాటాలు, ఆఫీసులు, పెళ్లిచూపులు వాటిలో నిండి ఉండేవి. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలల నుంచి 'రెండు రెళ్ళు ఆరు', 'చంటబ్బాయ్' రెండూ 1986లో వచ్చాయి. 'ఖైదీ' (1983) తర్వాత చిరంజీవిని జనం ఏ వేషంలో చూడడానికి అలవాటు పడ్డారో గుర్తుచేసుకుంటే, 'చంటబ్బాయ్' ఎంత సాహసమో అర్థమవుతుంది. అందులో ఆయన పాండురంగారావు అనే డిటెక్టివు. కేసులు ఊహించినట్టు తేలవు, గొప్పలు మాత్రం తగ్గవు. ఒక పాటలో చాప్లిన్ వేషం కూడా కట్టారు. అదే సినిమాలో శ్రీలక్ష్మి తన కవితలతో పత్రిక ఎడిటర్ ప్రాణం తీస్తుంది. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆరాటం ఉన్న ప్రతివాళ్లకూ ఆ పాత్ర దగ్గర నవ్వుతోపాటు గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది.

1987లో ఆయన ఇల్లు అమెరికా దాకా వెళ్లింది. 'పడమటి సంధ్యారాగం' ఎక్కువ భాగం అక్కడే తీశారు. విజయశాంతి పక్కన హీరోగా వేసిన అమెరికన్ కుర్రాడు తర్వాత థామస్ జేన్ పేరుతో హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నాడు. తెలుగు తండ్రి పట్టుదల, అమెరికాలో పెరిగిన కూతురు, వాళ్ల మధ్య ఒక పరాయి అల్లుడు. ప్రవాస తెలుగు కుటుంబం తెర మీద ఇంకా అరుదుగా కనిపిస్తున్న రోజుల్లోనే జంధ్యాల అక్కడి వంటింటి గొడవ పట్టుకున్నారు. ఈ రోజు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం ఆ సినిమా చూస్తే కార్లు పాతబడ్డాయని అనుకుంటుంది గాని, తండ్రి మాటలు పాతబడ్డాయని అనుకోదు.

అదే ఏడాది నవంబరులో 'అహ నా పెళ్ళంట' వచ్చింది. ఆదివిష్ణు 'సత్యంగారిల్లు' నవల ఆధారం, డి. రామానాయుడు నిర్మాత. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావును తీసుకోవడం అప్పటికి పెద్ద మాటే. అంతకు రెండేళ్ల ముందు 'ప్రతిఘటన' (1985)లో తెలంగాణ యాసలో జనాన్ని వణికించిన నటుడాయన. ఆయనలో ఒక మాసిన బనీను మనిషిని జంధ్యాల చూశారు.

లక్ష్మీపతి అన్నం తినే సన్నివేశాన్ని తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఎదురుగా కోడిని వేలాడగట్టి, దాన్ని చూస్తూ వట్టి అన్నం ముద్దలు మింగడం. నేను చెప్పదలచుకున్నది కోట మొహం సంగతి. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆయన కోడి వైపు చూసే చూపులో నిజమైన ఆకలి ఉంది. నమిలేటప్పుడు నిజమైన రుచి ఉంది. ఆయనకు కూర తిన్నంత తృప్తి కలుగుతోంది, నటన కాదది. బట్ట అరిగిపోతుందని ఒంటికి న్యూస్ పేపరు చుట్టుకున్నప్పుడూ అంతే. సిగ్గు కనిపించదు, గడించిన సంతోషం కనిపిస్తుంది. పిసినారి పాత్రలు సాహిత్యంలో చాలా ఉన్నాయి, చాలావాటిని చూస్తే మనకు కోపం వస్తుంది. లక్ష్మీపతి మీద కోపం రాదు. ప్రతి తెలుగింట్లోనూ వాడేసిన కవరు మడిచి దాచే ఒక పెద్దమనిషి ఉంటాడు కాబట్టి.

అతని కూతురి కోసం కోటీశ్వరుడి కొడుకు ఆ ఊరు వచ్చి, అతన్ని మించిన పిసినారిగా నటిస్తాడు. రాజేంద్రప్రసాద్ ఆ పాత్రలో చేసిన గొప్ప పని వినడం. కోట పొదుపు పాఠాలు చెబుతుంటే ఆయన భక్తిగా వింటాడు, ఆ భక్తిలోంచే దెబ్బ కొడతాడు. వీళ్లిద్దరి మధ్య నలిగే పనివాడు అరగుండు. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పనిచేసిన బ్రహ్మానందం ఆ పాత్రతో రాష్ట్రమంతా తెలిసిపోయాడు. పైకి అణిగిమణిగి ఉంటూ, లోపల యజమానిని ఊహల్లో కసితీరా తిట్టుకునే అరగుండు బాధ కూలికి పనిచేసే ప్రతివాడిదీ. జంధ్యాల దాన్ని నవ్వుగా మార్చారు గాని, అందులోని నొప్పిని తీసేయలేదు. విజయవాడ నాటకాల నుంచి వచ్చిన గుండు హనుమంతరావు కూడా ఈ సినిమాతోనే తెరకు వచ్చారు. ఆయన పేరు మళ్లీ తలుచుకోవాలి, గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ' (1988), 'జయమ్ము నిశ్చయమ్మురా' (1989) వరకు ఆ ధాటి సాగింది. 1988లో వీరభద్రరావు చనిపోయారు. అది ఒక నటుడు పోవడంతో ఆగలేదని నాకనిపిస్తుంది. జంధ్యాల వాక్యం పొడవు వీరభద్రరావు ఊపిరికి కొలిచి రాసినది. ఆ ఊపిరి లేకపోయాక పొడవాటి మాటలు రాసినా వాటిని మోసే గొంతు దొరకలేదు.

90లలో వచ్చిన సినిమాల మీద నాకు అభిమానం తక్కువ. బ్రహ్మానందం హీరోగా తీసిన 'బాబాయి హోటల్' (1992) పేరు వినగానే గాంధీనగరం ఇడ్లీ గుర్తొచ్చే బెజవాడవాళ్లకు ఆశ పుడుతుంది, సినిమా ఆ ఆశను సగమే తీరుస్తుంది. పిచ్చి పాత్రలు తిరిగి తిరిగి వచ్చాయి. మొదట్లో పాత్రకు ప్రాణమైన పిచ్చి, చివరికి పాత్రకు తగిలించిన బిళ్లలా మిగిలింది. కెమెరా కూడా మాట వింటూ నిలబడిపోయేది. రేడియోలో అంత బాగా వినిపించిన సినిమాకు కన్ను కొంత పస్తుండక తప్పలేదు. ఆడవాళ్ల విషయంలోనూ ఒక మాట అనాలి. కవితలు రాసే అమ్మాయిని, కథ చెప్పే ఇల్లాలిని చూసి మనం నవ్వాం. అంత పదును ఉన్న శ్రీలక్ష్మికి ఆ పిచ్చి దాటి ఎదిగే ఒక పూర్తి పాత్ర ఆయన రాసి ఉంటే ఎంత బాగుండేదో.

మరోవైపు ఆయన కలం ఇతరుల సినిమాల్లో చురుగ్గానే ఉంది. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990), 'ఆదిత్య 369' (1991) మాటలు ఆయనవే. విశ్వనాథ్ 'ఆపద్బాంధవుడు' (1992)లో మాటలు రాయడమే కాక, కథానాయిక తండ్రిగా నటించారు కూడా. ఆ నెమ్మది మనిషిని చూస్తే ఇంతమందిని నవ్వించిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది.

ఆయన తెరిచిన తలుపులోంచి చాలామంది నడిచారు. వంశీ 'లేడీస్ టైలర్' (1986)తో గోదావరి ఊళ్ల వైపు మళ్లారు. రేలంగి నరసింహారావు మొగుడూ పెళ్లాల గొడవలను పట్టుకున్నారు. జంధ్యాల దగ్గరే పని నేర్చుకున్న ఈవీవీ సత్యనారాయణ 'చెవిలో పువ్వు' (1990)తో దర్శకుడై, 'హలో బ్రదర్' (1994) నాటికి హాస్యాన్ని పెద్ద బడ్జెట్ సినిమాగా మార్చారు. గురువు కన్నా శిష్యుడి నవ్వు బిగ్గరగా ఉంటుంది, కొంచెం మోటుగా కూడా. కానీ హాస్యానికి సినిమా మొత్తాన్నీ అప్పగించవచ్చన్న ధైర్యం గురువు ఇచ్చిందే.

2001 జూన్ 19న హైదరాబాదులో జంధ్యాల గుండెపోటుతో కన్నుమూశారు. 50 ఏళ్లు.

అదే ఏడాది నవంబరులో జెమినీ టీవీలో గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' మొదలైంది. అమృత విలాస్ అనే హోటలు, దాన్ని నడపలేక నడిపే ఇద్దరు మిత్రులు, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వరు సర్వం. ఒక్కొక్కరిదీ ఒక్కో తిక్క, అందరూ ఒకే కప్పు కింద. ఆదివారం రాత్రి ఆ పాట వినబడగానే వీధులు సద్దుమణిగేవి. అందులో అంజిగా వేసింది 'అహ నా పెళ్ళంట'తో తెరకొచ్చిన గుండు హనుమంతరావు. అమృతంగా శివాజీరాజా, హర్షవర్ధన్‌లతోపాటు కొన్నాళ్లు వేసింది 'నాలుగు స్తంభాలాట' నరేష్. 2007 దాకా 313 భాగాలు నడిచిన ఆ ధారావాహికను జంధ్యాల చూడలేదు. కానీ ఆ హోటల్లో వినిపించే వాదనల తీరు, తప్పు చేసినవాడు పెద్దమనిషి తరహాలో సమర్థించుకునే పద్ధతి, బూతు లేని తిట్టు, ఇవన్నీ వింటే ఆయన వారసత్వం చెవికి తెలిసిపోతుంది. నట్టింటి హాస్యం నట్టింటి పెట్టెలోకి చేరింది.

టీవీ ఇంకో పని కూడా చేసింది, దాని గురించి నాకు బెంగ ఉంది. ఆయన సినిమాలను కామెడీ సీన్లుగా ముక్కలు కోసింది. మధ్యాహ్నం ఏ ఛానల్ తిప్పినా కోట కోడి కనిపిస్తుంది, మూడు నిమిషాలు. తర్వాత ప్రకటనలు. ఇప్పుడు ఫోనులో అయితే ఇంకా చిన్న ముక్క. 2013లో మొదలైన 'జబర్దస్త్' లాంటి స్కిట్ల కార్యక్రమాలు ఈ ముక్కల అలవాటును స్థిరపరిచాయి. జంధ్యాల ఏ ట్రాకులోంచి హాస్యాన్ని బయటికి తెచ్చారో, మళ్లీ ఆ ట్రాకులోకే మనం దాన్ని నెట్టేస్తున్నాం. ఆ కోడి సన్నివేశం మాత్రమే చూసిన కుర్రాడికి లక్ష్మీపతి ఒక వింత మనిషిగానే మిగులుతాడు. తన కూతురి పెళ్లి దగ్గర ఆ పిసినారితనం ఏమైందో, తనను మించినవాడు ఎదురైనప్పుడు ఆ మొహంలో పుట్టిన గౌరవం ఎలాంటిదో అతనికి తెలియదు. ఈ సినిమాలను పిల్లలతో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూడండని నేను తెలిసినవాళ్లందరినీ అడుగుతుంటాను. ఒకటి రెండు ఇళ్లలో విన్నారు కూడా.

'ముద్దమందారం'లో ఆ లేత ప్రేమికుడు ప్రదీప్ తర్వాత బుల్లితెర మీద చాలాకాలం పనిచేశారు. 2019లో 'ఎఫ్2' సినిమాలో భార్య ఏమన్నా ఒకే మాటతో తలూపే మామగారిగా కనిపించి, ముద్దమందారం పేరే వినని పిల్లల చేత ఆ మాట పలికించారు. మొన్న మా అక్క మనవడు ఆయన్ని చూసి నవ్వుతుంటే, ఈయన మొదటి సినిమా నీకు తెలుసా అని మొదలుపెట్టాను. జంధ్యాల, విజయవాడ, రమేష్ నాయుడు, పూర్ణిమ, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోతున్నాను. వాడు కాసేపు ఓపిగ్గా విన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, సుత్తి ఆపవా" అన్నాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలియదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 'నాలుగు స్తంభాలాట' పెట్టాను.